డివిజన్ 3 బాస్కెట్‌బాల్‌లో చోటు: కోచ్, అడ్మిషన్, డబ్బు

అమెరికాలో హైస్కూల్ బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలున్న ఇంట్లో కాలేజీ మాట రాగానే ముందుగా వచ్చే ప్రశ్న, స్కాలర్‌షిప్ ఎంత ఇస్తారని. డివిజన్ 3లో ఆటకని ఒక్క డాలరు కూడా ఇవ్వరు. అమెరికా కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏలో ఈ విభాగం 1973లో ఏర్పడింది. ఇప్పుడు ఇందులో 400కు పైగా కాలేజీలున్నాయి, మూడు డివిజన్లలో సంఖ్యాపరంగా ఇదే పెద్దది. పిల్లవాడు ఎంత బాగా ఆడినా, కెప్టెనే అయినా, ఆ కారణం చూపించి ఫీజు తగ్గించడం నిబంధనలకు విరుద్ధం. ఫైనాన్షియల్ ఎయిడ్ ప్యాకేజీలో కోచ్ వేలు పెట్టడానికి వీల్లేదు.

అయినా కోచ్‌లు రిక్రూట్ చేస్తారు, గట్టిగానే చేస్తారు. వాళ్ల చేతిలో ఉన్నవి రెండే: టీమ్‌లో చోటు, అడ్మిషన్ ఆఫీసుకి చెప్పగలిగే ఒక మాట. రెండోదాని బలం కాలేజీని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల ఆ మాటతో సీటు దాదాపు ఖాయమవుతుంది, కొన్నిచోట్ల ఫైల్‌లో ఒక కాగితం పెరుగుతుందంతే. కాబట్టి ఇక్కడ పని మూడు గదుల్లో జరుగుతుంది. కోచ్‌కి ఆటగాడు కావాలి, అడ్మిషన్ వాళ్లకి మార్కులు నచ్చాలి, ఎయిడ్ ఆఫీసు లెక్క మన ఇంటి లెక్కకి సరిపోవాలి. చాలా కుటుంబాలు మొదటి గదిలోనే రెండేళ్లు గడిపేసి, మిగతా రెండింటి సంగతి పన్నెండో తరగతి డిసెంబరులో తెలుసుకుంటాయి. ఈ పోస్టు రాయడానికి కారణం అదే.

ముందు ఇందులో ఏయే కాలేజీలున్నాయో చూద్దాం. ఎంఐటీ, కాల్‌టెక్, యూనివర్సిటీ ఆఫ్ షికాగో, జాన్స్ హాప్కిన్స్, ఎమరీ, కార్నెగీ మెలన్, న్యూయార్క్ యూనివర్సిటీ, విలియమ్స్, ఆమ్‌హర్స్ట్, పొమోనా-పిట్జర్ బాస్కెట్‌బాల్ ఆడేది డివిజన్ 3లోనే. చదువు కోసం ఏ పేర్లు తలుచుకుంటామో, వాటిలో చాలా పేర్లు ఈ జాబితాలో ఉంటాయి. విస్కాన్సిన్ రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో వైట్‌వాటర్, ఓష్‌కోష్, ప్లాట్‌విల్ లాంటివి కూడా ఇక్కడివే, ఫీజులో ప్రైవేటు కాలేజీలకంటే చాలా తక్కువ. ఐవీ లీగ్‌లోని ఎనిమిది యూనివర్సిటీలు డివిజన్ 1లో ఆడతాయి గానీ, అవీ ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వవు. అక్కడి ఆట స్థాయి వేరు, ఈ పోస్టులో వాటి జోలికి వెళ్లను.

డివిజన్ 3 అంటే స్కూల్ ఆటకి ఒక మెట్టు పైన అనుకుంటే చిక్కే. బెంచి చివర కూర్చున్న కుర్రాడు కూడా తన హైస్కూల్లో మొదటి ఐదుగురిలో ఒకడై ఉంటాడు. మంచి టీముల్లో గార్డులు (బాల్ నడిపేవాళ్లు) ఆరు అడుగులకు అటూ ఇటూ, వింగ్ (కోర్టు పక్కల) ఆడేవాళ్లు 6 అడుగుల 3 నుంచి 5 అంగుళాలు, పోస్ట్‌లో, అంటే బాస్కెట్ దగ్గర ఆడేవాళ్లు 6 అడుగుల 6 అంగుళాల దగ్గర ఉంటారు. డంకన్ రాబిన్సన్ 2014లో విలియమ్స్ తరఫున డివిజన్ 3 ఫైనల్ ఆడి, అక్కడినుంచి మిషిగన్‌కి మారి, ఎన్‌బీఏ దాకా వెళ్లాడు. ఆగ్స్‌బర్గ్‌లో ఆడిన డెవీన్ జార్జ్‌ని 1999లో ఎన్‌బీఏ టీమ్ లేకర్స్ డ్రాఫ్ట్ మొదటి రౌండులోనే తీసుకుంది. వీళ్లు అరుదైన ఉదాహరణలే, ఎన్‌బీఏ ఆశతో ఎవరూ ఇక్కడికి రారు. ఆట స్థాయి ఎలాంటిదో చెప్పడానికే ఈ పేర్లు. అమ్మాయిల్లో న్యూయార్క్ యూనివర్సిటీ టీమ్ 2024లోనూ 2025లోనూ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఛాంపియన్ అయింది. మ్యాచ్‌లు చాలావరకు కాలేజీల అథ్లెటిక్స్ వెబ్‌సైట్లలో లైవ్ వస్తాయి. జాబితా రాసే ముందు ఓ ఐదారు మ్యాచ్‌లు పూర్తిగా చూడమనండి. మీ అబ్బాయి ఆ కోర్టులో ఎవరిని గార్డ్ చేయగలడు అన్న ఒక్క ప్రశ్నతో చూస్తే, భ్రమలూ తగ్గుతాయి, అనవసరపు భయాలూ తగ్గుతాయి.

జాబితా 30 నుంచి 40 కాలేజీలతో మొదలుపెట్టడం సబబు. అందులో ఒక్కో కాలేజీకి ముందు చూడాల్సింది రోస్టర్, అంటే టీమ్ ఆటగాళ్ల జాబితా. ర్యాంకు సంగతి ఆ తర్వాత. ఎవరు ఏ ఏడాదిలో ఉన్నారు, ఏ పొజిషన్, ఎత్తు ఎంత, ఏ రాష్ట్రంనుంచి వచ్చారు అన్నవన్నీ ఆ పేజీలోనే ఉంటాయి. మీ అమ్మాయి పాయింట్ గార్డ్ అయితే, ఆమె చేరే ఏడాదికి అక్కడ ఎంతమంది పాయింట్ గార్డులు మిగిలి ఉంటారో లెక్కపెట్టండి. ఇద్దరు సోఫోమోర్లు (రెండో ఏడాది వాళ్లు) మ్యాచ్‌కి 28 నిమిషాల చొప్పున ఆడుతున్నారంటే, ఆమెకి మొదటి రెండేళ్లు బెంచే. పక్కనే గణాంకాల పేజీలో నిమిషాల వరుస ఉంటుంది, పాయింట్ల వరుసకంటే అదే ఎక్కువ చెబుతుంది.

ఇంకో పని చాలామంది చేయరు, చేయాలి. ఆ వెబ్‌సైట్లలో పాత ఏళ్ల రోస్టర్లు కూడా ఉంటాయి. మూడేళ్ల కిందటి రోస్టర్ తెరిచి, అందులో ఉన్న ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది) పేర్లు ఒక కాగితం మీద రాసుకుని, ఈ ఏడాది సీనియర్లలో ఎంతమంది మిగిలారో చూడండి. తొమ్మిదిమంది చేరి ఏడుగురు మిగిలితే ఆ టీమ్‌లో పిల్లలు సంతోషంగా ఉన్నట్టే. తొమ్మిదిమందిలో ఇద్దరే మిగిలితే కారణం అడగాలి. చిన్న ప్రైవేటు కాలేజీలు చాలావరకు విద్యార్థులు కట్టే ఫీజు మీదే నడుస్తాయి. స్కాలర్‌షిప్ ఇవ్వనక్కర్లేని ఆటగాడు అంటే కాలేజీకి ఫీజు కట్టే విద్యార్థి. అందుకే కొన్నిచోట్ల కోచ్‌కి ఏడాదికి ఇంతమందిని తేవాలని లక్ష్యం పెడతారు. రోస్టర్‌లో 24 మంది ఉంటారు, మ్యాచ్‌కి డ్రెస్ అయ్యేది 15 మంది, మిగతావాళ్లు జేవీ (రెండో టీమ్) మ్యాచ్‌లు ఆడతారు లేదా ప్రాక్టీస్‌తో సరిపెట్టుకుంటారు. జేవీ టీమ్ ఉండటం తప్పేమీ కాదు, కొందరికి ఎదగడానికి అది మంచి చోటే. ముందే తెలిసి చేరడం వేరు, చేరాక తెలియడం వేరు.

కాలేజీ ఆర్థిక పరిస్థితి కూడా చూడాలి. పెన్సిల్వేనియాలో కాబ్రీనీ యూనివర్సిటీ 2024లో మూతపడింది. అలబామాలో బర్మింగ్‌హమ్-సదరన్ కాలేజీ అదే ఏడాది మే 31న మూసేశారు, అప్పటికి వాళ్ల బేస్‌బాల్ టీమ్ డివిజన్ 3 వరల్డ్ సిరీస్‌లో ఆడుతోంది. నాలుగేళ్ల డిగ్రీ మధ్యలో కాలేజీయే లేకుండా పోతే ట్రాన్స్‌ఫర్, క్రెడిట్లు, టీమ్ అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. విద్యార్థుల సంఖ్య ఏటేటా తగ్గుతోందా, మేజర్లు (డిగ్రీ ప్రధాన సబ్జెక్టులు) ఎత్తేస్తున్నారా, స్థానిక వార్తల్లో ఏం రాస్తున్నారు అని ఒక సాయంత్రం కూర్చుని వెతికితే చాలావరకు తెలిసిపోతుంది.

ఆట శైలి కూడా లెక్కలోకి వస్తుంది. ఐయోవాలోని గ్రిన్నెల్ కాలేజీ దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. ఫుల్ కోర్ట్ ప్రెస్ (కోర్టంతా వెంటపడి కాయడం), ఐదుగురినీ ఒకేసారి మార్చే పద్ధతి, త్రీల (దూరంనుంచి వేసే మూడు పాయింట్ల షాట్ల) వర్షం. 2012 నవంబరులో జాక్ టేలర్ ఒకే మ్యాచ్‌లో 138 పాయింట్లు కొట్టింది అక్కడే. షూటర్‌కి ఇలాంటి పద్ధతి వరం. నెమ్మదిగా పోస్ట్‌లోకి బాల్ ఇచ్చి ఆడే పెద్ద కుర్రాడికి అక్కడ చోటు దొరకడం కష్టం. కోచ్ ఎవరినైనా తీసుకునేది తన ఆటకి పనికొస్తాడనే. మీవాడు మంచి ఆటగాడే అయినా జవాబు రాకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఇక వీడియో. హైలైట్ వీడియో 3 నుంచి 4 నిమిషాలు, అంతకు మించితే ఎవరూ చూడరు. మొదటి 30 సెకన్లలో బలమైనవి పెట్టాలి, ఎందుకంటే చాలామంది కోచ్‌లు నిర్ణయం తీసుకునేది అక్కడే. మొదట ఒక పలక: పేరు, గ్రాడ్యుయేషన్ సంవత్సరం, షూ లేకుండా కొలిచిన ఎత్తు, పొజిషన్, స్కూల్, జెర్సీ నంబరు, జీపీఏ, ఫోన్. ప్రతి క్లిప్ మొదలవగానే ఒక క్షణం ఆపి, ఆటగాడి చుట్టూ గుండ్రం చుట్టాలి. మ్యాచ్ వీడియోల సైటు హడల్‌లో ఇది రెండు నొక్కుల పని. క్లిప్ బాస్కెట్ దగ్గర మొదలుకాకూడదు. బాల్ ఎలా వచ్చింది, స్క్రీన్ (డిఫెండర్‌కి అడ్డు నిలబడటం) ఎవరు పెట్టారు, ఎందుకు ఖాళీ దొరికింది అన్నది కనిపించాలి.

ఉదాహరణకి, ఒక మంచి క్లిప్ ఇలా ఉంటుంది. మీ అబ్బాయి వీక్ సైడ్‌లో (బాల్ లేని వైపు) ఉన్నాడు, అవతలి గార్డ్ డ్రైవ్ చేశాడు. మీవాడు ఒక అడుగు లోపలికి వేసి హెల్ప్ ఇచ్చాడు, బాల్ కార్నర్‌కి వెళ్లగానే చిన్న అడుగులతో, చేయి పైకెత్తి క్లోజ్‌అవుట్ చేశాడు (షూటర్ మీదికి వెళ్లాడు), షాట్ వేయనివ్వలేదు, డ్రైవ్‌నీ ఆపాడు, చివరికి వేరేవాడు వేసిన షాట్ పోయాక తన మనిషిని బాక్స్ అవుట్ చేశాడు (బాల్ అందకుండా వెనక ఉంచాడు). ఈ ఎనిమిది సెకన్లలో అతను ఒక్క పాయింట్ కూడా కొట్టలేదు. కోచ్‌కి మాత్రం నాలుగు సంగతులు తెలిశాయి. త్రీలు మాత్రమే గుదిగుచ్చిన వీడియోలో ఒక్కటే తెలుస్తుంది. పాట అక్కర్లేదు. 40 పాయింట్ల తేడాతో గెలిచిన మ్యాచ్‌లోంచి క్లిప్పులు ఏరవద్దు.

హైలైట్‌తో పాటు రెండు పూర్తి మ్యాచ్‌ల లింకులు పంపాలి. వాటిలో ఒకటి గట్టి ప్రత్యర్థితో ఆడింది, ఓడినా సరే. ఆసక్తి ఉన్న కోచ్ తప్పకుండా ఆ పూర్తి మ్యాచ్ తెరుస్తాడు. బాల్ పోగొట్టుకున్నాక వెనక్కి పరిగెత్తాడా, బెంచి మీదికి వచ్చినప్పుడు ముఖం ఎలా ఉంది, టైమౌట్‌లో కోచ్ కళ్లలోకి చూస్తున్నాడా అన్నవి అందులోనే కనిపిస్తాయి. కెమెరా మిడ్ కోర్ట్ దగ్గర, ఎత్తున ఉండాలి, పదిమందీ ఫ్రేమ్‌లో ఉండాలి. తల్లిదండ్రులు తమ బిడ్డ మీదికే జూమ్ చేసి తీసిన వీడియో ఇంట్లో దాచుకోవడానికి బాగుంటుంది, కోచ్‌కి పనికిరాదు.

మెయిల్ పిల్లలే రాయాలి, వాళ్ల అకౌంటులోంచే వెళ్లాలి. అమ్మ రాసినా నాన్న రాసినా కోచ్‌లు పసిగట్టేస్తారు, అది మైనస్. సబ్జెక్ట్ లైన్‌లోనే విషయమంతా ఉండాలి: 2027, పాయింట్ గార్డ్, 6 అడుగుల 1 అంగుళం, జీపీఏ 3.9, స్కూల్ పేరు, రాష్ట్రం. లోపల 150 పదాలు దాటనక్కర్లేదు. మొదటి వాక్యంలో ఆ టీమ్ గురించి ఒక నిజమైన సంగతి, అంటే మ్యాచ్ చూసి గమనించినది. తర్వాత తన ఆట గురించి రెండు వాక్యాలు, అంకెలతో. తర్వాత చదువు: జీపీఏ వెయిటెడా (కష్టమైన కోర్సులకి ఎక్కువ విలువ కట్టిందా) కాదా, తీసుకున్న ఏపీ (కాలేజీ స్థాయి) కోర్సులు, శాట్ లేదా ఏసీటీ స్కోరు, ఏ మేజర్ మీద మనసుంది. తర్వాత వీడియో లింకులు, రాబోయే టోర్నమెంట్ తేదీలు, హైస్కూల్ కోచ్, ఏఏయూ (స్కూలు బయటి క్లబ్ టీమ్) కోచ్ ఫోన్ నంబర్లు. హెడ్ కోచ్‌కి పంపి, అసిస్టెంట్ కోచ్‌ని కాపీలో పెట్టాలి. చాలాచోట్ల రిక్రూటింగ్ ఫైళ్లు చూసేది అసిస్టెంటే. అదే రోజు వెబ్‌సైట్‌లో ఉండే రిక్రూట్ ప్రశ్నావళి కూడా నింపాలి, వాళ్ల డేటాబేస్‌లో పేరు ఎక్కేది దాంతోనే. 40 కాలేజీలకి ఒకే మెయిల్ కాపీ కొట్టి, ఒకచోట పక్క కాలేజీ పేరు వదిలేయడం ఏటా జరిగే పొరపాటు. అలాంటిది చూశాక ఏ కోచ్ మాత్రం జవాబు రాస్తాడు?

ఎత్తు రెండంగుళాలు పెంచి రాయడం దండగ. జిమ్‌లోకి వచ్చిన మొదటి నిమిషంలోనే కోచ్‌కి తెలిసిపోతుంది, ఆ తర్వాత మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది.

జవాబు రాకపోతే మూడు వారాలకి మళ్లీ రాయవచ్చు, కానీ కొత్త సంగతి ఉండాలి: కొత్త వీడియో, కొత్త మార్కులు, కొత్త షెడ్యూలు. నవంబరునుంచి ఫిబ్రవరిదాకా వాళ్లు సీజన్‌లో ఉంటారు, స్టాఫ్ ఇద్దరు ముగ్గురే, ఆలస్యమవుతుంది. మార్చినుంచి మే వరకు జవాబులు బాగా వస్తాయి. నిబంధనల ప్రకారం డివిజన్ 3 కోచ్‌లు ఫోన్, మెయిల్ ఎప్పుడైనా చేయవచ్చు, డివిజన్ 1లోలాగా తేదీ కోసం ఆగనక్కర్లేదు. క్యాంపస్ బయట ముఖాముఖి కలవడానికి మాత్రం పదో తరగతి పూర్తవ్వాలి. కాలేజీ ఖర్చుతో చేసే అఫీషియల్ విజిట్ పదకొండో తరగతి జనవరి 1నుంచి కుదురుతుంది, ఒక్కో కాలేజీకి ఒక్కసారే. సొంత ఖర్చుతో ఎన్నిసార్లైనా వెళ్లవచ్చు.

టోర్నమెంట్‌కి వారం ముందు, మళ్లీ రెండు రోజుల ముందు కోచ్‌లకి టీమ్ పేరు, కోర్టు నంబరు, టైము, జెర్సీ రంగు, నంబరు పంపాలి. ఒకే హాల్లో పది కోర్టులు నడుస్తుంటాయి, టైములు మారుతుంటాయి. మారిన వెంటనే మెసేజ్ పెట్టిన పిల్లవాడిని చూడటానికి కోచ్ వస్తాడు, పెట్టనివాడి కోసం కోర్టులన్నీ వెతకడు. ఖరీదైన సర్క్యూట్ టీమ్‌లో పదో మనిషిగా కూర్చోవడంకంటే, మామూలు టీమ్‌లో నిమిషాలు ఆడటం మేలు.

క్యాంపుల గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. కాలేజీ కోచ్‌లు ఫీజు తీసుకుని నడిపే ఎలీట్ క్యాంపుకి రమ్మని వచ్చే మెయిల్ రిక్రూటింగ్ కాదు. అది వందల మందికి వెళ్తుంది, ఫీజులు కోచింగ్ స్టాఫ్‌కి ఆదాయం. కోచ్ అప్పటికే వీడియో చూసి, ఫోన్‌లో మాట్లాడి, ఫలానా క్యాంపులో నిన్ను దగ్గరగా చూడాలని ఉంది అంటే వెళ్లండి, ఆ డబ్బు వృథా కాదు. లేకపోతే ఒక మెయిల్ రాయించండి: నా వీడియో చూశారా, మా గ్రాడ్యుయేషన్ ఏడాది పిల్లల్లో మీకు నా పొజిషన్ అవసరం ఉందా? దానికి సూటి జవాబు రాకపోతే ఆ క్యాంపుకి డబ్బు కట్టక్కర్లేదు. వేల డాలర్లు తీసుకుని కోచ్‌లకి ప్రొఫైల్ పంపిస్తామనే రిక్రూటింగ్ సర్వీసులూ అంతే. పైన చెప్పినవన్నీ పిల్లలు సొంతంగా చేసుకోగలిగే పనులు.

నిజమైన ఆసక్తికి గుర్తులు వేరే ఉన్నాయి. కోచ్ స్వయంగా ఫోన్ చేస్తాడు. హైస్కూల్ కోచ్‌తో మాట్లాడతాడు. మ్యాచ్ చూడటానికి వస్తాడు. అన్నిటికంటే ముఖ్యంగా, ట్రాన్స్‌క్రిప్ట్ పంపమంటాడు. ఇక్కడినుంచే అసలు పని మొదలవుతుంది.

దాన్ని ప్రీ-రీడ్ అంటారు. పదకొండో తరగతి పూర్తయ్యాక, చాలా కాలేజీల్లో జులై 1నుంచి, కోచ్ పిల్లవాడి ఫైల్‌ని అడ్మిషన్ ఆఫీసుకి పంపుతాడు. అందులో మూడేళ్ల ట్రాన్స్‌క్రిప్ట్, ఉంటే టెస్ట్ స్కోర్లు, పన్నెండో తరగతిలో తీసుకోబోయే కోర్సుల జాబితా, స్కూల్ ప్రొఫైల్ ఉంటాయి. కొన్ని వారాల్లో ఒక సూచన వస్తుంది: బాగుంది, ఫలానాది మెరుగవ్వాలి, లేదా కష్టం. ఇవన్నీ జూన్‌లోనే ఒక ఫోల్డర్‌లో సిద్ధంగా ఉంచాలి. వేసవి సెలవుల్లో స్కూల్ కౌన్సెలర్ దొరకడు, ట్రాన్స్‌క్రిప్ట్ కోసం ఆగస్టుదాకా ఆగితే ఆ లోపు కోచ్ వేరే గార్డ్‌ని ఖాయం చేసుకుంటాడు. పన్నెండో తరగతిలో మ్యాథ్స్ వదిలేసి తేలిక కోర్సులు పెట్టుకుంటే ప్రీ-రీడ్‌లోనే ఆగిపోతుంది. ఎంఐటీ, కాల్‌టెక్ లాంటివి టెస్ట్ స్కోరు తప్పనిసరి అంటాయి, చాలా లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు ఐచ్ఛికం అంటాయి. కానీ ఐచ్ఛికం అన్నచోట కూడా ప్రీ-రీడ్‌కి స్కోరు పంపాలా వద్దా అని కోచ్‌నే అడగండి, అక్కడి అలవాటు ఆయనకి తెలుసు.

ప్రీ-రీడ్ బాగుందంటే సీటు వచ్చినట్టు కాదు. కోచ్ పది మంది ఫైళ్లు చదివించి ఉండవచ్చు, అడ్మిషన్ ముందు గట్టిగా నిలబడేది వాళ్లలో కొద్దిమందికే. కాబట్టి అడగాల్సిన ప్రశ్నలు: నా ప్రీ-రీడ్‌లో ఏమొచ్చింది? నేను ఎర్లీ డెసిషన్‌లో (సీటు వస్తే చేరతానని మాటిచ్చి ముందే చేసే అప్లికేషన్) అప్లై చేస్తే మీ పూర్తి సపోర్ట్ నాకు ఉంటుందా? గత ఏళ్లలో మీరు అలా సపోర్ట్ చేసినవాళ్లలో ఎవరికైనా సీటు రాలేదా? మీ జాబితాలో నా పొజిషన్‌లో నాకంటే ముందు ఎవరైనా ఉన్నారా? ఈ ప్రశ్నలు అడగడం అమర్యాద కాదు, కోచ్‌లు రోజూ వినేవే. పిల్లవాడే అడగాలి. "నువ్వు అప్లై చెయ్యి, చూద్దాం" అని జవాబొస్తే, రెండో వరుసలో ఉన్నావని అర్థం చేసుకుని, వేరే కోచ్‌తో మాటలు ఆపకూడదు.

ఎర్లీ డెసిషన్ గడువు సాధారణంగా నవంబరు 1 లేదా 15, ఫలితం డిసెంబరు మధ్యలో. సీటు వస్తే చేరి తీరాలి. పోటీ ఎక్కువ ఉన్న కాలేజీల్లో కోచ్ మాటకి బలం ఉండేది ఎక్కువగా ఈ రౌండులోనే, రెగ్యులర్ రౌండుకి వచ్చేసరికి ఆయన చోట్లు అయిపోయి ఉంటాయి. అందుకే డబ్బు లెక్క నవంబరు లోపే తేలాలి.

డబ్బు దగ్గరికి వద్దాం. పేరున్న ప్రైవేటు కాలేజీల్లో ఫీజు, హాస్టల్, తిండి కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటిపోయింది. తగ్గింపు రెండు రకాలు. అవసరాన్ని బట్టి ఇచ్చేది ఒకటి, మెరిట్‌ని బట్టి ఇచ్చేది ఒకటి. విలియమ్స్, ఆమ్‌హర్స్ట్, మిడిల్‌బరీ లాంటివి అవసరాన్ని బట్టే ఇస్తాయి, మార్కులకి విడిగా ఇవ్వవు. వూస్టర్, డిపా, ఇల్లినాయ్ వెస్లియన్, ఆగస్టానా లాంటివి మెరిట్ స్కాలర్‌షిప్పులు ఇస్తాయి. తల్లిదండ్రులిద్దరూ ఐటీ ఉద్యోగాల్లో ఉన్న ఇళ్లకి ఈ తేడా ప్రాణం లాంటిది, ఎందుకంటే మొదటి రకం కాలేజీల లెక్కలో ఆ ఇంటికి అవసరం పెద్దగా కనిపించదు. అంకెల్లో చెప్పాలంటే, ఒక కాలేజీ ఖర్చు 86 వేలు, మీ ఆదాయానికి ఎయిడ్ 6 వేలు, చేతినుంచి 80 వేలు అనుకుందాం. ఇంకో కాలేజీ ఖర్చు 66 వేలు, మెరిట్ 34 వేలు, చేతినుంచి 32 వేలు. నాలుగేళ్లకి తేడా 1,92,000 డాలర్లు. మెరిట్ ఇచ్చేది జీపీఏని చూసి. అంటే తొమ్మిదో తరగతినుంచి మార్కులు నిలబెట్టుకున్న పిల్లవాడు తన స్కాలర్‌షిప్ తానే సంపాదించుకున్నట్టు. పైగా మోకాలు దెబ్బతిన్నా, రెండో ఏడు ఆట మానేసినా ఆ డబ్బు పోదు, ఆటతో దానికి ముడి లేదు కాబట్టి.

ఫెడరల్ ఎయిడ్ తీసుకునే ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉండాలన్నది చట్టం. గత ఏడాది ట్యాక్స్ రిటర్న్ పక్కన పెట్టుకుని, జాబితాలోని ప్రతి కాలేజీకీ పదకొండో తరగతి చలికాలంలోనే ఆ లెక్క వేయండి. చాలా ప్రైవేటు కాలేజీలు ఫాఫ్సాతో (ఫెడరల్ ఎయిడ్ దరఖాస్తు) పాటు సీఎస్‌ఎస్ ప్రొఫైల్ (కాలేజీల సొంత ఎయిడ్ కోసం నింపే ఇంకో దరఖాస్తు) కూడా అడుగుతాయి. ఫాఫ్సా సొంత ఇంటి విలువని లెక్కించదు, సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అడుగుతుంది. ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే ఇదివరకు ఫాఫ్సా లెక్క తగ్గేది, 2024-25నుంచి ఆ వెసులుబాటు తీసేశారు. సీఎస్‌ఎస్ కాలేజీలు కొన్ని ఇప్పటికీ దాన్ని చూస్తాయి. అడ్మిషన్ ప్రీ-రీడ్‌తో పాటు ఫైనాన్షియల్ ప్రీ-రీడ్ ఇస్తారా అని అడగండి. చాలాచోట్ల ఎయిడ్ ఆఫీసు ముందస్తు అంచనా ఇస్తుంది. దాన్ని కాగితం మీద తీసుకోవాలి. కోచ్ నోటిమాటగా "డబ్బు సంగతి చూసుకుందాం" అంటే, ఆయన మంచి మనసుతో అన్నా సరే, ఆ మాటకి విలువ లేదు.

హెచ్4 వీసా మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఫెడరల్ ఎయిడ్ ప్రధానంగా పౌరులకీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకీ, హెచ్4కి వర్తించదు. ఇక్కడే పుట్టకపోయినా ఇక్కడే పెరిగిన పిల్లవాడిని కూడా చాలా కాలేజీలు ఎయిడ్ విషయంలో అంతర్జాతీయ విద్యార్థిగా చూస్తాయి. అలాంటప్పుడు ఎయిడ్ అడగడమే అడ్మిషన్ అవకాశాన్ని తగ్గించవచ్చు. ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, బౌడన్ లాంటి కొన్ని మాత్రం అంతర్జాతీయ విద్యార్థుల విషయంలో కూడా ఎయిడ్ అడిగారా లేదా అని చూడకుండా అడ్మిషన్ ఇస్తాయి. వీసా సంగతి కోచ్‌కి మొదటి ఫోన్‌లోనే చెప్పించండి. అక్టోబరులో తెలిస్తే అడ్మిషన్ దగ్గర కోచ్ వేసుకున్న లెక్క అంతా తారుమారవుతుంది.

క్యాంపస్‌కి వెళ్లినప్పుడు రాత్రి టీమ్ పిల్లలతో ఉండే వీలుంటే వదులుకోవద్దు. మూడో ఏడు, నాలుగో ఏడు చదువుతూ తక్కువ నిమిషాలు ఆడే ఆటగాడితో మాట్లాడమనండి. స్టార్ ఆటగాడు కోచ్ గురించి మంచే చెబుతాడు. బెంచి మీద ఉండి కూడా నాలుగేళ్లు ఎందుకు ఉన్నావని అడిగితే వచ్చే జవాబుతో ఆ టీమ్ మొత్తం అర్థమవుతుంది. ల్యాబ్ క్లాసులు ప్రాక్టీస్‌తో ఢీకొంటే ఏం చేస్తారు? కంప్యూటర్ సైన్స్, ప్రీ-మెడ్ చదివేవాళ్లు టీమ్‌లో ఎంతమంది? సెమిస్టర్ వేరే దేశంలో చదవడానికి వెళ్లనిస్తారా? తల్లిదండ్రులు డబ్బు, భద్రత, ఆరోగ్య బీమా గురించి అడగాలి. ఆడే నిమిషాల గురించి అమ్మానాన్నలు అడిగితే బాగుండదు.

ఎర్లీ రౌండులో పని కాకపోతే కథ ముగిసినట్టు కాదు. డివిజన్ 3 కోచ్ ఎదురుచూస్తున్న ఆటగాడు చివర్లో స్కాలర్‌షిప్ ఇచ్చే డివిజన్ 2 టీమ్‌కి వెళ్లిపోవడం, ఎయిడ్ చాలక ఇంకొకరు తప్పుకోవడం ప్రతి ఏడాదీ ఉన్నదే. జనవరి మొదట్లో రెండో ఎర్లీ డెసిషన్ గడువు ఉంటుంది. రోలింగ్ అడ్మిషన్ (అప్లికేషన్ వచ్చినప్పుడల్లా చూసి సీటిచ్చే పద్ధతి) ఉన్న కాలేజీలు ఏప్రిల్, మే దాకా కూడా ఆటగాళ్లను వెతుకుతూనే ఉంటాయి. ఫిబ్రవరిలో సీజన్ వీడియోతో కొత్తగా 15 మెయిళ్లు పంపడం సిగ్గుపడాల్సిన పని కాదు.

సీటు వచ్చాక, మాట్లాడుతున్న మిగతా కోచ్‌లందరికీ ఆ వారంలోనే పిల్లవాడు రాసి చెప్పాలి. వాళ్లు ఆ చోటు ఇంకొకరికి ఇవ్వాలి కదా. స్కూల్లో ఫొటో కోసం సంతకం పెట్టే ఎన్‌సీఏఏ ఫారం డివిజన్ 3లో కేవలం వేడుక కోసం, దాంతో ఎవరూ ఎవరికీ కట్టుబడరు. పన్నెండో తరగతి రెండో సెమిస్టర్ మార్కులు పడిపోతే కాలేజీ సీటు వెనక్కి తీసుకోవచ్చు, అప్పుడు కోచ్ ఏమీ చేయలేడు. అమెరికా బయట చదివి వచ్చే విద్యార్థి అయితే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో అమెచ్యూర్ సర్టిఫికేషన్ కావాలి, ఆ కాగితాలకి నెలలు పట్టవచ్చు కాబట్టి వసంతంలోనే మొదలుపెట్టాలి. మొదటి ప్రాక్టీస్‌కి ముందు ఆరు నెలల లోపు చేయించుకున్న వైద్య పరీక్ష రిపోర్టు, సికిల్ సెల్ ట్రెయిట్ (రక్తకణాలకి సంబంధించిన వంశపారంపర్య లక్షణం) ఫలితం అడుగుతారు. పుట్టినప్పటి స్క్రీనింగ్ రికార్డు దొరకకపోతే జులైలోనే రక్తపరీక్ష చేయించండి. ప్రాక్టీసులు అక్టోబరు మధ్యలో మొదలవుతాయి, కానీ పిల్లలు సొంతంగా ఆడుకునే ఓపెన్ జిమ్ క్లాసులు మొదలైన వారంనుంచే ఉంటుంది.